పుస్తకం మూసిన తర్వాత

చైతన్యపురి మెట్రో దిగి గల్లీలోకి నాలుగడుగులు వేస్తే ముందు హాస్టల్ బోర్డులు, ఆ తర్వాత జిరాక్స్ షాపులు, వాటి మీది అంతస్తుల్లో స్టడీ హాళ్లు కనిపిస్తాయి. అలాంటి ఒక హాల్లో, గోడవారగా మూడో టేబుల్ దగ్గర, మా అక్క కూతురు ఏడాదిన్నరగా చదువుతోంది. వాళ్లది సూర్యాపేట దగ్గర పల్లె. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు పిల్లలు దిల్‌సుఖ్‌నగర్ పక్కకే ఎక్కువగా వస్తారు. విజయవాడ హైవే ఇక్కడి నుంచే పోతుంది. ఎల్బీనగర్ చౌరస్తాలో నిలబడితే ఊరి బస్సు దొరుకుతుంది. అమ్మ పంపిన పచ్చడి సీసా కూడా ఆ బస్సులోనే వస్తుంది.

తను బీఈడీ చేసింది. టీచర్ అర్హత పరీక్ష టెట్ గట్టెక్కింది. కానీ నియామక పరీక్ష డీఎస్సీ ర్యాంకులో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి, మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాస్తోంది. నేను వెళ్లిన సాయంత్రం శిశు వికాసం, పెడగాజీ తిరగేస్తోంది. టెట్ 150 మార్కుల్లో 30 దానివే. నోటుబుక్కులో ఒక పేజీ నిండా ఆకుపచ్చ ఇంకుతో కోల్‌బర్గ్ నైతిక వికాస సిద్ధాంతం రాసుకుంది. మూడు స్థాయిలు, ఆరు దశలు. పూర్వ సాంప్రదాయ, సాంప్రదాయ, ఉత్తర సాంప్రదాయ అని మూడు స్థాయిల పేర్లు. గుర్తుండడానికి పక్కనే కోడ్ పెట్టుకుంది: పూ-సా-ఉ.

ఆ పేజీలో హైంజ్ కథ కూడా ఉంది. ఒక ఊళ్లో ఒకామె క్యాన్సర్‌తో చావుబతుకుల్లో ఉంటుంది. ఆమెను బతికించగల మందు ఆ ఊరి మందుల వ్యాపారి ఒక్కడి దగ్గరే ఉంది. 200 డాలర్లు ఖర్చయిన మందుకు అతను 2,000 అడుగుతున్నాడు. భర్త హైంజ్ తెలిసినవాళ్లందరి దగ్గరా అప్పు చేసినా 1,000 మాత్రమే పోగైంది. తగ్గించమన్నాడు, మిగతాది తర్వాత ఇస్తానన్నాడు. వ్యాపారి ఒప్పుకోలేదు. హైంజ్ దుకాణం పగలగొట్టి మందు ఎత్తుకుపోయాడు. లారెన్స్ కోల్‌బర్గ్ 1958లో పూర్తిచేసిన తన పరిశోధనలో షికాగో ప్రాంతపు మగపిల్లలను, 10 నుంచి 16 ఏళ్లవాళ్లను, 72 మందిని కూర్చోబెట్టి ఇలాంటి చిక్కులు అడిగాడు. దొంగిలించవచ్చన్నారా, కూడదన్నారా అన్నది ఆయనకు ముఖ్యం కాదు. ఎందుకని అన్నారో, ఆ కారణాన్ని బట్టే దశ కట్టాడు.

"నీ లెక్కన దొంగిలించాల్నా, వద్దా?" అని అడిగాను.

"అది బిట్టుల రాదు మామ," అంది. "ఏ దశల ఉన్నడో అడుగుతరు. దొంగిలించాల్నా వద్దా అని అడగరు."

ఆ మాటలో పిల్ల తప్పు ఒక్క వీసమెత్తు లేదు. 2024 డీఎస్సీలో ఉన్నవి 11,062 పోస్టులు. ఒక్క మార్కులో బతుకు అటూ ఇటూ అయ్యే చోట, అడగని ప్రశ్న గురించి ఆలోచించే తీరిక ఎవరిస్తారు? కానీ ఆమె నోటుబుక్కులో అటూ ఇటూ పేజీల్లో ఉన్న శాస్త్రమే మరోమాట చెబుతోంది. నేర్చుకోవడం, నీతి, ఊహ అని మనం మూడు గదుల్లో పెట్టుకున్నవి మూడూ ఒకే గదిలో పుడతాయని గత 40 ఏళ్ల పరిశోధన ఒక్కో ఆధారమే పోగుచేస్తూ వస్తోంది.

ముందు నేర్చుకోవడం సంగతి. కోల్‌బర్గ్‌కు నాలుగు పేజీల ముందు ఎబ్బింగ్‌హాస్ ఉన్నాడు. 1885లో పుస్తకం వేసిన ఈ జర్మన్ పరిశోధకుడు తనకు తానే విద్యార్థి, తానే పరీక్షాధికారి. అర్థం లేని అక్షరాల ముక్కలు రెండు వేలకు పైగా తయారుచేసుకుని, వరుసలుగా బట్టీ పట్టాడు. మళ్లీ నేర్చుకునేటప్పుడు ఎంత శ్రమ ఆదా అయిందో కొలిచాడు. 20 నిమిషాలకే ఆ ఆదా 58 శాతానికి జారింది. ఒక రోజు గడిచేసరికి 34కి, నెల తిరిగేసరికి 21కి పడిపోయింది. విస్మృతి వక్రరేఖ అని మన పిల్లలు గీసే బొమ్మ ఇదే. ఆయన కావాలనే అర్థం లేని ముక్కలు తీసుకున్నాడన్న సంగతి మాత్రం బిట్టులో జారిపోతుంది. అర్థం ఉంటే మనసు దానికి ఏవో పాత తీగలు ముడేసుకుని నిలబెట్టుకుంటుందని ఆయనకు తెలుసు.

మర్చిపోకుండా ఉండే దారి 2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే చేసిన ప్రయోగంలో బాగా తేటపడింది. ఒక జట్టు పాఠాన్ని నాలుగు విడతలు చదివింది. రెండో జట్టు మూడు విడతలు చదివి, ఒకసారి పుస్తకం మూసి గుర్తున్నంత రాసింది. మూడో జట్టు ఒక్క విడతే చదివి, మూడుసార్లు మూసి రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే నాలుగు విడతలు చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత లెక్క తిరగబడింది. వాళ్లకు గుర్తున్నది 40 శాతం, రెండో జట్టుకు 56, మూడో జట్టుకు 61. బాగా గుర్తుంటుందని ముందుగా ఎక్కువ ధీమా చూపించినవాళ్లు మాత్రం నాలుగు విడతలు చదివినవాళ్లే. ఈ సంగతి స్టడీ హాల్లో నాకు కళ్ల ముందే కనపడింది. తెల్లారి ఐదింటి నుంచి పేజీలకు పేజీలు పసుపు, గులాబీ రంగు మార్కర్లు గీస్తూ కూర్చున్న పిల్లలకు ప్రతి వాక్యం పరిచయమే. పరిచయం వేరు, పలకడం వేరు.

తెలుగువాళ్లకు ఇది కొత్త కాకూడదు. అష్టావధానం చూసినవాళ్లు ఒకసారి గుర్తుచేసుకోండి. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి, వర్ణన అడిగే పృచ్ఛకులకు అవధాని పద్యం ఒక్కసారిగా చెప్పేయడు. ఆవృతానికి ఒక పాదం చొప్పున నాలుగు ఆవృతాలు తిరుగుతాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన వచ్చి ధ్యాస చెదరగొడుతూనే ఉంటాడు. రెండో పాదం కట్టాలంటే మొదటి పాదం మనసులోంచి పైకి తీయాలి, మూడో పాదానికి రెండూ తీయాలి. చివర ధారణలో పద్యాలన్నీ ఏకబిగిన అప్పజెప్పే సమయానికి ఒక్కో పాదం ఎడమిచ్చి ఎడమిచ్చి ఎన్నిసార్లు లోపలి నుంచి బయటకు వచ్చి ఉంటుందో లెక్కేయండి. పైగా అవి ఎవరో రాసిచ్చినవి కావు, ఆయనే కట్టినవి. మనం కల్పించుకున్నది, చదివినదానికంటే గట్టిగా నిలుస్తుందని స్లామెకా, గ్రాఫ్ 1978లో ప్రయోగం చేసి చూపించారు. తిరుపతి వేంకటకవులు ఊరూరా అవధానాలు చేసిన నాటికి ఈ ప్రయోగాలేవీ లేవు. కానీ ధారణను కల్పన నుంచి విడదీయకూడదన్న ఎరుక ఆ విద్య కట్టుబడిలోనే ఉంది.

ఇక ఊహ. టొరంటోలో ఎండెల్ టుల్వింగ్ అనే మనోవిజ్ఞాని 1985లో ఒక రోగి గురించి రాశాడు. తలకు దెబ్బ తగిలి మెదడు దెబ్బతిన్న మనిషి. మాట బాగుంది, తెలివి బాగుంది, లోకజ్ఞానం ఉంది. తన జీవితంలో జరిగిన ఒక్క సంఘటన కూడా మళ్లీ మనసులో నడిపించుకోలేడు. టుల్వింగ్ ఆయన్ని నిన్నటి గురించి అడిగి ఊరుకోలేదు, రేపు ఏం చేస్తావని కూడా అడిగాడు. అక్కడా ఖాళీయే. నిన్న పోయినవాడికి రేపు కూడా పోయింది.

2007లో లండన్‌లో డెమిస్ హసాబిస్, ఎలినార్ మాగ్వైర్ బృందం దీన్ని ఇంకా లోతుగా చూసింది. (తర్వాత కృత్రిమ మేధతో ప్రోటీన్ల ఆకారాలు పట్టుకుని 2024లో రసాయనశాస్త్ర నోబెల్ పంచుకున్న హసాబిస్ ఈయనే.) మెదడులో జ్ఞాపకాలను చూసే హిప్పోకాంపస్ దెబ్బతిన్న ఐదుగురిని, అందమైన సముద్రతీరంలో తెల్లటి ఇసుక మీద పడుకున్నట్టు ఊహించి చెప్పమన్నారు. మామూలు మనుషులు అలల చప్పుడు, ఎండ, దూరాన పడవ అన్నీ కలిపి ఒక చోటు కట్టి చెప్పారు. రోగుల్లో చాలామందికి ముక్కలే వచ్చాయి కానీ చోటు రాలేదు. అంటే జ్ఞాపకాన్ని తిరిగి కట్టే మేస్త్రీయే ఊహను కూడా కడతాడు. ఇటుకలు పాతవే, గోడ కొత్తది.

"నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా ఇంట్లో ఆవు ఉంది" అంటాం మనం. చెప్పదలచుకున్నది జ్ఞాపకం మొదలైన నాటి సంగతి, వాడిన మాట ఊహ. ఈ నుడికారాన్ని నేను చిన్నప్పటి నుంచీ వింటున్నా, దాని లోతు తెలిసింది ఒక పరిశోధన చదివాకే. మూడు, నాలుగు, ఐదేళ్ల పిల్లలను నిన్న ఏం చేశావు, రేపు ఏం చేస్తావు అని అడిగి చూశారు బస్బీ, సడెన్‌డార్ఫ్ 2005లో. నిన్న చెప్పగలిగిన పిల్లలే రేపూ చెప్పగలిగారు. మూడేళ్లవాళ్లకు రెండూ కష్టమే అయ్యాయి. రెండు దీపాలూ ఒకే ఒత్తి నుంచి వెలుగుతాయన్నమాట.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఊహకు కొదవ లేదు. తలెత్తితే చాలు, ఫ్లెక్సీల మీద వరసగా ర్యాంకర్ల ముఖాలు. వాటి కింద నడిచే ప్రతి పిల్లా ఆ చతురస్రంలో తన ముఖం పెట్టి చూసుకుంటుంది. ఈ రకం ఊహ మీద లియన్ ఫామ్, షెల్లీ టేలర్ 1999లో కాలిఫోర్నియాలో ప్రయోగం చేశారు. పరీక్షకు ముందు కొన్ని రోజులపాటు, రోజుకు కొద్ది నిమిషాలు, కొందరు విద్యార్థులు మంచి మార్కులు వచ్చి సంబరపడుతున్నట్టు ఊహించుకున్నారు. మరికొందరు ఎక్కడ కూర్చుంటారో, ఏ అధ్యాయం తెరుస్తారో, స్నేహితులు పిలిస్తే ఏం చెబుతారో ఊహించుకున్నారు. పనిని ఊహించుకున్నవాళ్లు ముందు మొదలుపెట్టారు, ఎక్కువసేపు చదివారు, మార్కులూ ఎక్కువ తెచ్చుకున్నారు. ఫలితాన్ని మాత్రమే ఊహించుకున్నవాళ్ల చదువు తగ్గింది. ఆ ఫ్లెక్సీలు చేసే మేలు మీద నాకు ఇది చదివిన నాటి నుంచి నమ్మకం పోయింది.

నీతి దగ్గరకు వస్తే ఇలా పనిని ఊహించుకునే దారి ఇంకా ముఖ్యం. కోల్‌బర్గ్‌తో కలిసి పనిచేసిన కారల్ గిల్లిగన్ 1982లో తన పుస్తకంలో ఎమీ అనే 11 ఏళ్ల పిల్ల జవాబును వివరించింది. హైంజ్ దొంగిలించాలా అంటే, వద్దేమో అంటుంది ఆ పిల్ల. దొంగిలిస్తే ఇవాళ్టికి భార్య బతకవచ్చు. కానీ అతను జైలుకు పోతే, ఆమెకు మళ్లీ జబ్బు చేస్తే, మందు ఎవరు తెస్తారు? అప్పు తీసుకోవచ్చు కదా, అందరూ కూర్చుని మాట్లాడుకోవచ్చు కదా. కోల్‌బర్గ్ కొలబద్ద మీద ఈ జవాబుకు పెద్ద మార్కులు పడవు. గిల్లిగన్ దీన్ని సంబంధాలను, సంరక్షణను ముందుంచే నీతిగా చదివింది. నేను ఇందులో ఇంకొకటి కూడా చూస్తాను. ఎమీ ఆ కథలోకి నడిచి వెళ్లింది. కథ ఆగిన చోట ఆగకుండా రేపటి దాకా, ఎల్లుండి దాకా పోయి ఆ ఇంటి తలుపు తీసి చూసింది. ఊహ చేసే పని అది.

ఆ పనికి కొలత కూడా ఉంది. 2014లో బ్రెండన్ గేసర్, డేనియల్ షాక్టర్ జనానికి చిన్న చిన్న సంఘటనలు చెప్పారు. ఎవరో తలుపుకు తాళం పడిపోయి ఇంటి బయట చిక్కుకున్నారు, అలాంటివి. ఆ మనిషికి తాము సాయం చేస్తున్నట్టు చోటుతో సహా ఊహించుకున్నవాళ్లలో, ఒకప్పుడు తాము చేసిన సాయాన్ని వివరంగా గుర్తుచేసుకున్నవాళ్లలో, సాయపడాలన్న కోరిక పెరిగింది. మనసులో ఆ దృశ్యం ఎంత కళ్లకు కట్టితే అంత ఎక్కువ. వాళ్లు కొలిచింది కోరికను, చేతలను కాదు. ఆ హద్దు మరిచిపోకూడదు.

కోరికకూ చేతకూ మధ్య అడ్డుపడేది చాలాసార్లు దుర్మార్గం కాదు, తొందర. 1973లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ ప్రిన్స్‌టన్‌లో మతబోధకులు కాబోతున్న 40 మంది విద్యార్థులను ఒక భవనం నుంచి ఇంకో భవనానికి ప్రసంగం చేయమని పంపారు. కొందరికి ఇచ్చిన అంశం, దారిన పడి ఉన్న మనిషిని ఆదుకున్న మంచి సమరయుని బైబిల్ కథ. దారిలో ఒక మనిషి గుమ్మంలో వాలిపోయి దగ్గుతూ, మూలుగుతూ ఉన్నాడు. అతన్ని అక్కడ పెట్టింది పరిశోధకులే. టైముందని చెప్పి పంపినవాళ్లలో 63 శాతం ఏదో ఒక రకంగా సాయపడ్డారు. ఆలస్యమైపోయిందని తరిమినవాళ్లలో సాయపడింది 10 శాతం. మధ్యరకంగా తొందరపెట్టినవాళ్లలో 45. మనసులో మంచి సమరయుని కథ తిప్పుకుంటూ పోవడం వల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఈ అంకెలు చదివిన ప్రతిసారీ నాకు ఇంటర్ పరీక్షల ఉదయాలు గుర్తొస్తాయి. తెలంగాణలో ఏళ్ల తరబడి నిమిషం నిబంధన ఉండేది, నిమిషం ఆలస్యమైనా లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. 2024లో దాన్ని ఐదు నిమిషాలకు సడలించారు. మలక్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా ట్రాఫిక్‌లో చెమటలు కక్కుతూ పరిగెత్తే పిల్లకు, ఫుట్‌పాత్ మీద కూలబడిన ముసలాయన కనపడలేదంటే ఆ పిల్ల గుండె రాయి అని నేననను. ఆమె చూపులో చోటు లేదు, గేటు ఒక్కటే ఉంది.

ఆ ఇంటర్ పిల్లలకే మొదటి సంవత్సరంలో ఎథిక్స్ అండ్ హ్యూమన్ వాల్యూస్ అనే పేపరు ఉండేది. పాస్ కావాలి, మార్కులు కలిసేవి కావు. మార్కులు కలవని పేపరు ముందు రాత్రి చదివేదే అవుతుంది, పిల్లల్ని ఏం అంటాం? 2013 నుంచి సివిల్స్ మెయిన్స్‌లో 250 మార్కులకు ఎథిక్స్ పేపరు వచ్చింది. దాంట్లో సిద్ధాంతంతోపాటు కేస్ స్టడీలు పెట్టారు. నువ్వు ఫలానా జిల్లాలో అధికారివి, నీ ముందు ఈ చిక్కు ఉంది, ఏం చేస్తావు అని అడుగుతారు. నాకు ఇది మెరుగైన దారి అనిపిస్తుంది. వాటికీ రెడీమేడ్ జవాబులు అచ్చేసి అమ్ముతున్నారన్న బాధ ఉన్నా సరే.

నీతి పాఠం అసలు పనిచేస్తుందా అని చాలామంది అడుగుతారు. చదువు ఒక్కటే చాలదనడానికి దగ్గరి సాక్ష్యమే ఉంది. 2022 అక్టోబరు 16న జరిగిన తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్, ప్రశ్నపత్రం లీకైందని తేలి 2023 మార్చిలో రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ పెట్టింది హైకోర్టు తీర్పుతో పోయింది. మూడోసారి 2024 జూన్ 9న జరిగింది. మూడుసార్లూ చదివినవాళ్లు హైదరాబాద్ స్టడీ హాళ్ల నిండా ఉన్నారు. లీకు చేసినవాళ్లకు అది తప్పని తెలియదని ఎవరూ అనలేరు. తెలియనిది, చూడనిది, ఆ మూడో టేబుల్ దగ్గర కూర్చున్న మనిషి ముఖం. పరిశోధకులూ దీనికి అతీతులు కాదు. దరఖాస్తు పైన ముందే సంతకం పెట్టిస్తే జనం నిజం రాస్తారని చెప్పిన 2012 నాటి పేరున్న వ్యాసాన్ని, అందులోని బీమా లెక్కలు కల్పితమని బయటపడి 2021లో వెనక్కి తీసుకున్నారు. నిజాయితీ మీద రాసిన వ్యాసం కావడం వల్ల ఆ గాయం ఇంకా లోతుగా దిగింది.

అయినా ఆశ వదులుకోనక్కర్లేదు. ఎరిక్ ష్విట్జ్‌గెబెల్, బ్రాడ్ కోకిలెట్, పీటర్ సింగర్ 2020లో ప్రచురించిన పరిశోధనలో, వెయ్యి మందికి పైగా విద్యార్థుల్లో సగం మంది తరగతిలో మాంసాహారం గురించిన నైతిక వాదం చదివి చర్చించారు. మిగతా సగం మంది వేరే అంశం మీద చర్చించారు. తర్వాత క్యాంటీన్ బిల్లులు చూశారు. మాంసం గురించి చర్చించినవాళ్ల కొనుగోళ్లలో మాంసం ఉన్నవి 52 శాతం నుంచి 45కి తగ్గాయి. రెండోవాళ్లలో మార్పు లేదు. మాంసం తినాలా వద్దా అన్నది ఎవరి తిండి వాళ్లది. ఒక్క తరగతి గది మాట బిల్లు దాకా నడవగలిగిందన్నదే నాకు విశేషం.

ఆ రాత్రి నేను అక్క వాళ్లింటికి బస్సెక్కాలి. సాగనంపడానికి తను ఎల్బీనగర్ దాకా మెట్రోలో నాతో వచ్చింది. దారిలో అడిగాను: "నువ్వు టీచర్‌వి అయినవనుకో. పరీక్ష నడుస్తున్నది. ఒక పిల్ల దగ్గర చిట్టీ దొరికింది. ఏం చేస్తవ్ బిడ్డా?"

"హెచ్ఎంకు చెప్త." వెంటనే వచ్చింది, బిట్టు జవాబులాగా.

"పిల్ల ఎట్లుంటది? చూసి చెప్పు."

విక్టోరియా మెమోరియల్ స్టేషన్ వచ్చి పోయేదాకా మాట్లాడలేదు. తర్వాత మెల్లగా మొదలుపెట్టింది. ఎనిమిదో తరగతి. కిటికీ పక్కన రెండో బెంచి. రెండు జడలు, ఒక జడకు రిబ్బన్ ఊడిపోయింది. చిట్టీ కంపాస్ బాక్సు మూత కింద పెట్టింది. చిట్టీలో ఏముందని అడిగాను. ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్, అంది. "అది వారం కింద నేను చెప్పిన పాఠమే మామ. ఆరోజు ఆమె బడికి రాలే. పత్తి ఏరనీకి పోయింది."

నేనేమీ అనలేదు. పత్తి ఏరడానికి పోయి బడి మానేసిన రెండు జడల పిల్లను నేను మా అక్క ఇంట్లో చూశాను. ఆ ఏడు ఆమె లెక్కల్లో తప్పింది కూడా.

చౌరస్తాలో కండక్టర్ సూర్యాపేట, కోదాడ అని అరుస్తున్నాడు. నేనెక్కి కిటికీ దగ్గర కూర్చున్నాక తను కింద నిలబడి, ఇంకా అక్కడే ఉంది, ఆ తరగతి గదిలోనే. "చిట్టీ తీసుకుంట. పేపర్ మాత్రం గుంజుకోను. పరీక్ష అయినంక పక్కకు పిలిచి మాట్లాడుత," అంది. బస్సు స్టార్టయింది. రెండడుగులు దానితోపాటు నడిచింది.

"కానీ మామ, పక్క బెంచి పిల్ల చూస్తనే ఉంటది గదా. ఆమె రాత్రంతా సదువుకొని వచ్చింది. ఆమెకేం చెప్పాలె?"